పాత పికప్‌ను నిలబెట్టాలంటే: ముందు ఆర్సీ, తర్వాత ఛాసిస్, ఆఖర్న ఇంజిను

సంక్షిప్తంగా: 15 ఏళ్ళు దాటినంత మాత్రాన సొంత బండి ఆంధ్రప్రదేశ్‌లో దానంతటదే తుక్కు అయిపోదు. తనిఖీలో నెగ్గితే ఐదేళ్ళ చొప్పున రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. 50 ఏళ్ళు దాటిన బండ్ల కోసం 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ మాత్రం సరుకు బండిగా నమోదైన పికప్‌కు అందదు. నెల్లూరు, ప్రకాశం తీరంలో బండిని తినేసేది తిరిగిన కిలోమీటర్లు కాదు, ఉప్పు. కాగితాలు, ఉప్పు ఈ రెండూ చూసుకోకుండా ఇంజిను మీద డబ్బు పెట్టడం వల్లే చాలా బండ్లు సగం పనితో షెడ్లలో నిలిచిపోతున్నాయి.

## ఇక్కడ పాత పికప్ అంటే ఏ బండి

ఈ రెండు జిల్లాల్లో పాత పికప్ అంటే మామూలుగా మూడు తరాల బండ్లలో ఒకటి. మొదటిది విల్లీస్ నమూనా మీద మహీంద్రా కంపెనీ తయారుచేసిన పెట్రోలు జీపు. వెనక భాగం కోసి తొట్టి కట్టినవీ, అదే ఇంజిను మీద ముక్కు లేకుండా వచ్చిన ఎఫ్‌సీ రకమూ ఈ లెక్కలోకే వస్తాయి. రెండోది డీజిల్ జీపుల తరం: సీజే 500డీ, 1980లలో ప్యూజో ఎక్స్‌డీపీ ఇంజినుతో వచ్చిన ఎంఎం 540, ఆ వరసలోని పికప్‌లు. మూడోది 1988లో వచ్చిన టాటా మొబైల్ 206, దాని తర్వాతి 207.

మూడింటికీ జబ్బులు వేరు, కాగితాల చిక్కులూ వేరు. టాటా బండి కంపెనీ గేటు దాటేటప్పటికే పికప్. జీపు తరాల్లో చాలా బండ్లు జీపులుగా పుట్టి, తర్వాత ఏదో షెడ్డులో పికప్‌లయ్యాయి. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ రిజిస్ట్రేషన్ పొడిగించే రోజున మొత్తం వ్యవహారం దీని మీదే తిరుగుతుంది.

## 15 ఏళ్ళ భయం ఎక్కణ్ణుంచి వచ్చింది

మూడు వేర్వేరు నిబంధనలు కలిసిపోయి ఒకే పుకారయ్యాయి. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి డీజిల్ బండికి 10 ఏళ్ళు, పెట్రోలు బండికి 15 ఏళ్ళు అన్న ఆంక్ష ఒకటి. అది ఆ ప్రాంతానికే పరిమితం, నెల్లూరుకు దానితో సంబంధం లేదు. 2021లో కేంద్రం తెచ్చిన తుక్కు విధానం రెండోది. సొంత బండి వరకు అది వయసును బట్టి కాక తనిఖీ ఫలితాన్ని బట్టి నడుస్తుంది. మూడోది నిజంగానే వయసును బట్టి నడుస్తుంది: 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది, అవి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకే వెళ్ళాలి.

సొంత బండికి వర్తించేది 1988 మోటారు వాహనాల చట్టంలోని 41వ సెక్షన్. దాని ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి పొడిగింపు. ఇన్నిసార్లే పొడిగించాలన్న పరిమితి ఆ సెక్షన్‌లో లేదు. ఫారం 25 నింపి, బండిని ఇనస్పెక్టరు ముందు నిలబెట్టాలి. అంతవరకు సులువే, ఖర్చే పెరిగింది. కారు, జీపు లాంటి తేలిక వాహనానికి 600 రూపాయలుండే ఫీజు 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. 20 ఏళ్ళు దాటిన తేలిక వాహనాలకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. గడువు దాటితే నెలకు 500 చొప్పున అదనం, అంటే ఏడాది ఆలస్యానికి 6,000. ‘పని అయ్యాక చూసుకుందాం’ అని ఆర్సీని పక్కన పెట్టేవారికి ఈ మీటరు షెడ్డులో కూడా తిరుగుతూనే ఉంటుంది.

ఆర్సీలో సరుకు రవాణా బండి అని ఉంటే లెక్క మారిపోతుంది. అప్పుడు ఐదేళ్ళ పొడిగింపు కాదు, ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదన్న మినహాయింపు చట్టంలోనే ఉంది గానీ ఫిట్‌నెస్‌కు అలాంటి మినహాయింపు లేదు. పాత బండికి ఫిట్‌నెస్ ఫీజులు కూడా 2022 నుంచి బాగా పెరిగాయి. ఏడాదికి నాలుగుసార్లు బయటకు తీసే బండికి ఈ ఖర్చు గిట్టుబాటవుతుందా అన్నది కొనకముందే వేసుకోవాల్సిన లెక్క.

## వింటేజ్ ప్లేటు పికప్‌కు ఎందుకు అందదు

2021 జులైలో వింటేజ్ వాహనాల నిబంధనలు వచ్చినప్పటి నుంచి, 50 ఏళ్ళు దాటిన ప్రతి బండికీ ప్రత్యేక ప్లేటు దొరుకుతుందన్న అభిప్రాయం బలపడింది. నిబంధన చదివితే అలా లేదు. అది ద్విచక్ర వాహనాలకు, ఎం-1 వర్గంలోని నాలుగు చక్రాల బండ్లకు మాత్రమే. ఎం-1 అంటే మనుషులు ప్రయాణించే చిన్న బండి. సరుకు మోసే పికప్ ఎన్-1 వర్గం, ఆ వర్గం పేరు నిబంధనలో లేదు. కాబట్టి ఆర్సీలో జీపుగా ఉండి, ఇప్పటికీ జీపు రూపంలోనే ఉన్న 1960ల నాటి బండి అర్హమవుతుంది. అదే ఏడాది, అదే ఇంజినుతో సరుకు బండిగా నమోదైన ఎఫ్‌సీ పికప్ కాదు.

రెండో షరతు ఇంకా గట్టిది. బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజినుల్లో చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. కోస్తాలో చాలా పెట్రోలు జీపుల్లో ఎప్పుడో మాటడార్ వ్యాను డీజిల్ ఇంజిను బిగించేశారు. పెట్రోలు, డీజిల్ ధరల మధ్య అంతరం ఎక్కువగా ఉన్న రోజుల్లో అది తెలివైన పనే. ఇప్పుడు అదే మార్పు ఆ బండిని వింటేజ్ తలుపు బయట నిలబెడుతోంది.

అర్హత ఉన్నా ఆలోచించాల్సిన విషయం మరొకటుంది. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 20,000 ఫీజు, 10 ఏళ్ళ చెల్లుబాటు, పొడిగింపుకు 5,000. రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలతో నంబరు వస్తుంది. ముందే నమోదైన బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. కానీ ఆ బండిని రోజువారీగా గానీ వ్యాపారానికి గానీ తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, ఇంధనం పట్టించడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. పొలం దాకా వెళ్ళి నాలుగు బస్తాలు వేసుకు రావాలనుకునేవారికి మామూలు పొడిగింపే మేలు.

## ఆర్సీలో జీపు, రోడ్డు మీద పికప్

చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఆమోదం పొందిన మార్పులు ఆర్సీలో ఎక్కాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు నమూనాకు భిన్నంగా మార్చిన బండిని రిజిస్టర్ చేయడానికి వీల్లేదని తేల్చింది. జీపు తోక కోసి, ఛాసిస్‌కు ఒకటిన్నర అడుగు అతుకు వేసి తొట్టి కట్టిన బండి ఈ సెక్షన్ కిందకే వస్తుంది. ‘అప్పట్లో ఎవరూ అడగలేదు’ అన్న మాట ఇప్పటి తనిఖీలో నిలవదు.

అందుచేత బేరం కుదరకముందే నాలుగు విషయాలు ఆర్సీతో పోల్చి చూడాలి: ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు, ఇంధనం, బాడీ రకం. ఛాసిస్ ముందు భాగంలో కొట్టిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడాలి. తీరం బండ్లలో ఆ అంకెలు తుప్పు పట్టి సగానికి అరిగిపోయి ఉంటాయి. అవి చదవడానికి రాకపోతే ఆ బండి ఎంత అందంగా ఉన్నా దూరంగా ఉండటమే మంచిది. నంబరు బాగానే ఉంటే దానికి గ్రీజు పూసి, పైన మందపాటి టేపు వేసి, ఆ తర్వాతే ఛాసిస్‌ను ఇసక బ్లాస్టింగ్‌కు (గాలి ఒత్తిడితో ఇసక కొట్టి తుప్పు, రంగు రాల్చే పనికి) పంపాలి. ఒక్క నిమిషం నాజిల్ అక్కడ నిలిస్తే అంకెలు పోతాయి, వాటితో పాటే బండి ఉనికి కూడా.

2023కు ముందు ప్రభుత్వ వేలంలో అమ్మిన జీపుల విషయంలో మరో లోటు కనిపిస్తుంది. వేలంలో కొన్నవాళ్ళు 30 రోజుల్లో ఫారం 32 ఇచ్చి పేరు మార్పించుకోవాలి. అలా మార్పించుకోకుండానే ముగ్గురు నలుగురి చేతులు మారిన బండ్లు ఉన్నాయి. వేలం ఉత్తర్వు అసలు కాగితం లేకుంటే ఆ గొలుసును తిరిగి కలపడం చాలా కష్టం. తుక్కయిపోయిన బండి ఆర్సీ తెచ్చి దీనికి తగిలిద్దామని ఎవరైనా చెబితే అది నేరం. బండి పట్టుబడిన రోజు చెప్పినవాడు కనిపించడు.

## ఉప్పు ఎలా తింటుంది

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు చాలు. ఉప్పు ఆ పనిని ఎన్నో రెట్లు వేగంగా చేయిస్తుంది. ఒకటి, క్లోరైడ్ కలిసిన తేమ విద్యుత్తును బాగా ప్రవహింపజేసి తుప్పు చర్యను నడిపిస్తుంది. రెండు, అది ఆ తేమను ఆరనివ్వదు. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పట్టుకుంటుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం దగ్గరే పట్టుకుంటుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీర గ్రామాల్లో గాలి అంత పొడిబారడం అరుదు. ఎండలో నిలిపిన బండి పైకి పొడిగా కనిపించినా, రెండు రేకుల మధ్య సందులో ఉన్న ఉప్పు మాత్రం తడిగానే ఉంటుంది.

తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ జాగా కావాలి. ఛాసిస్ మీద తొట్టి ఛానల్ కూర్చున్నచోట పుట్టిన తుప్పు ఉబ్బి, బోల్టు బిగించిన రెండు ఇనుప ముక్కల్ని విడదీస్తుంది. మధ్యలో చెక్క దిమ్మె పెట్టి ఉంటే మరీ ప్రమాదం, చెక్క ఉప్పునీళ్ళను దూదిలా పీల్చి పెట్టుకుంటుంది. ఆ దిమ్మెను ఊడదీస్తే కింద ఛాసిస్ పైరేకు పొరలు పొరలుగా, పూతరేకుల కట్టలా లేచి వస్తుంది. గోటితో తీయగలిగిన ఆ పొరలు ఒకప్పుడు మూడు మిల్లీమీటర్ల ఉక్కు.

సముద్రపు గాలి ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. రొయ్యలు, చేపల పెట్టెలు మోసిన బండిలో ఐసు కరిగిన ఉప్పునీళ్ళు తొట్టి సందుల్లోంచి నేరుగా ఛాసిస్ మీదికి కారతాయి. ఎరువులు మోసిన బండిలో పొటాష్ రాలుతుంది. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, రసాయనికంగా ఉప్పుకు తోబుట్టువే. ఇక శుభ్రం పేరుతో చేసే నష్టం మరొకటి: తీర గ్రామాల్లో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో బండి కడిగితే ఉన్న ఉప్పు పోకపోగా కొత్తది చేరుతుంది. ఆ నీళ్ళనే రేడియేటర్‌లో పోస్తే ఇంజిను లోపల నీటి దారులు కూడా అదే దారి పడతాయి. కాలవ నీళ్ళో, వాన నీళ్ళో, మున్సిపాలిటీ మంచినీళ్ళో వాడాలి. రేడియేటర్‌కు డిస్టిల్డ్ వాటర్, కూలెంట్.

## తీరం బండా, మెట్ట బండా

అదే మోడలు, అదే ఏడాది బండి కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు నుంచి వస్తే పరిస్థితి వేరుగా ఉంటుంది. రేకు గట్టిగా ఉంటుంది. రబ్బరు మాత్రం ఎండకు పగిలిపోయి ఉంటుంది: కమాన్ (పట్టీల స్ప్రింగు) బుషులు, బ్రేకు గొట్టాలు, కిటికీ బీడింగు, ఆయిల్ సీళ్ళు. ఇవన్నీ కొనగలిగినవే. క్వారీల్లో తిరిగిన బండికి మరో జబ్బు. తుప్పు లేకపోయినా మోతాదు మించిన బరువుకు కమాన్ బ్రాకెట్ల దగ్గర ఛాసిస్‌లో వెంట్రుకంత చీలికలుంటాయి. మట్టి, గ్రీజు పొర కింద అవి కనిపించవు. డీజిల్‌తో కడిగి, తుడిచి, సుద్దపొడి చల్లి గంట ఆగితే చీలికలోంచి ఊరిన డీజిల్ సుద్ద మీద నల్లని గీతలా తేలుతుంది.

ఎంచుకునే అవకాశం ఉంటే మెట్ట బండికి కొంచెం ఎక్కువైనా ఇవ్వడం సమంజసం. రబ్బరు, సీళ్ళు, బేరింగులు దుకాణంలో దొరుకుతాయి. ఛాసిస్ దొరికినా ఆర్సీ దాన్ని ఒప్పుకోదు.

చూసేటప్పుడు చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్ చాలు. ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ పోతే మంచి ఉక్కు ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట చప్పుడు బొద్దుగా, చచ్చినట్టు వస్తుంది. వెనక అడ్డ దూలం, షాకిల్ బ్రాకెట్లు (కమాన్ చివరను ఛాసిస్‌కు తగిలించేవి), డ్రైవరు కాళ్ళకింద మ్యాట్ ఎత్తి చూసిన రేకు, సీటు కింద పనిముట్ల పెట్టె అడుగు: ఈ నాలుగు చోట్లా స్క్రూడ్రైవర్ లోపలికి దిగకపోతే మిగతా బండి సాధారణంగా బాగుచేసుకోదగ్గదే. లప్పం దాచిన రేకు కనిపెట్టాలంటే గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం ఆనించాలి. లప్పం మందంగా ఉన్నచోట అది పట్టుకోదు.

## ఛాసిస్, రేకు పని: ఏది ముందు

బాడీ దించకుండా చేసే ఛాసిస్ పని సగం పనే. బాడీ బోల్టులు తుప్పుకు బిగుసుకుని ఉంటాయి. వాటికి రెండు మూడు రోజుల ముందు నుంచే తుప్పు వదిలే నూనె పోస్తూ ఉండాలి. పొడిగా విప్పబోతే బోల్టు తల తెగుతుంది. దించే ముందు తలుపుల సందులు, బాడీకి ఛాసిస్‌కి మధ్య షిమ్ములు (సందు నింపే పలచని రేకు ముక్కలు) ఎక్కడెన్ని ఉన్నాయో ఫొటోలు తీసి, కాగితం మీద రాసుకోవాలి.

చీలికకు నేరుగా వెల్డింగ్ కొడితే అది పక్కనుంచి మళ్ళీ సాగుతుంది. చీలిక చివర చిన్న బెజ్జం వేసి, V ఆకారంలో గాడి తీసి, వెల్డ్ చేసి, పైన పలక వేయాలి. ఆ పలక అంచు ఛాసిస్‌కు అడ్డంగా నిలువు గీతలా ఉండకూడదు, వజ్రం ఆకారంలో ఏటవాలుగా ఉండాలి. నిలువు వెల్డ్ గీత దగ్గరే బరువంతా కూడి, తర్వాతి చీలిక అక్కడే పుడుతుంది. బాడీ రేకు 18 గేజ్, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. దీని మీద మామూలు ఆర్క్ రాడ్ వాడితే బెజ్జాలు పడతాయి, షెడ్లలో సీఓటూ వెల్డింగ్ అనే పద్ధతే సరైనది. ఒకేచోట పొడవుగా కాకుండా, చుక్కలు చుక్కలుగా, చోటు మార్చుకుంటూ అతకాలి. లేకుంటే వేడికి రేకు అలలు తేలుతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీసేయడం ఎప్పుడూ మరవకూడదు.

ఇసక బ్లాస్టింగ్ ఛాసిస్‌కు, చక్రాల రిమ్ములకు మంచిది. బానెట్, తలుపుల్లాంటి చదును రేకులకు ఒత్తిడి తగ్గించకపోతే అవి వంకరపోతాయి. బ్లాస్ట్ చేసిన ఉక్కు నగ్నంగా ఉంటుంది, తీర గాలిలో అదే పూట ఎర్రబడటం మొదలవుతుంది. ఉదయం బ్లాస్టింగ్, మధ్యాహ్నంలోపు ఎపాక్సీ ప్రైమర్. ‘రేపు పూద్దాం’ అంటే పూసేది తుప్పు మీదే. తుప్పు తీసే ఫాస్ఫారిక్ ఆమ్లం వాడితే మంచినీళ్ళతో పూర్తిగా కడిగి, ఆరబెట్టాకే ప్రైమర్ వేయాలి. మిగిలిన ఆమ్లం మీద ఎపాక్సీ నిలవదు.

రెండు కోట్లు ఎపాక్సీ, అతుకుల్లో సీలెంట్, అవసరమైనచోట రెండు మూడు మిల్లీమీటర్లు దాటని లప్పం, సర్ఫేసర్, 320 నుంచి 600 దాకా ఎమిరీ పేపర్, ఆపైన రంగు. ఈ క్రమం అందరికీ తెలిసిందే. ఈ జిల్లాల్లో అసలు ప్రశ్న నెల ఏదన్నది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకు రంగు తెల్లగా పాలిపోతుంది. మే ఎండల్లో థిన్నర్ గాలిలోనే ఆవిరై, రంగు ఇసకలా గరుకుగా పడుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ సగం వరకు, ఉదయం మంచు ఆరాక పది గంటల నుంచి రెండింటి లోపు మంచి సమయం. బండి మొత్తం పని ఈ రెండున్నర నెలలకు వెనక నుంచి లెక్కేసుకోవాలి. అంటే ఛాసిస్, వెల్డింగ్ పనులు వానాకాలంలో షెడ్డు లోపలే ముగించుకోవాలి.

## ఇంజిను: భయపడేంత లేదు

విల్లీస్ పెట్రోలు ఇంజిను 2,199 సీసీ, నాలుగు సిలిండర్లు. దీన్ని ఎఫ్-హెడ్ అంటారు: పెట్రోలు లోపలికొచ్చే వాల్వు హెడ్డులో, పొగ పోయే వాల్వు బ్లాకులో. పై వాల్వు అందరూ సరిచేస్తారు. కింది వాల్వు చేరాలంటే పక్క మూత తీయాలి, మానిఫోల్డ్ అడ్డం వస్తుంది. కాబట్టి వదిలేస్తారు. గ్యాప్ లేని ఆ వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, వేడి దిగిపోయే దారి లేక అంచు కాలిపోతుంది. చల్లటి ఇంజిను మీద ఇన్‌లెట్‌కు 18 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ఎగ్జాస్ట్‌కు 16 థౌ ఉంచాలి. ఫైరింగ్ వరస 1-3-4-2, పాయింట్ల గ్యాప్ 20 థౌ, ప్లగ్గు గ్యాప్ 30 థౌ.

విప్పే ముందు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, చూడాలి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10 పీఎస్ఐ మించకుండా ఉంటే బోరింగ్ (సిలిండర్‌ను లోపల చెక్కి వెడల్పు చేయడం) అక్కర్లేకపోవచ్చు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూస్తే, ఒత్తిడి పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వుది. ఈ ఐదు నిమిషాల పరీక్ష చేయకుండానే బ్లాకును లేత్‌కు పంపేస్తుంటారు. 20 థౌ చాలినచోట 40 థౌ బోరు చేయడం అన్నిటికంటే పెద్ద నష్టం, తర్వాతి తరానికి స్లీవు (సిలిండర్ లోపల కొత్త గొట్టం) వేయడం తప్ప దారి మిగలదు.

ఎంఎం 540లోని ఎక్స్‌డీపీ డీజిల్ 2,112 సీసీ. దీనిలో లైనర్లు (పిస్టన్ కదిలే గొట్టాలు) తీసి వేసుకునే రకం, బయట నీళ్ళు తగులుతుంటాయి. బోరింగ్ ప్రసక్తి లేదు, లైనరు, పిస్టన్, రింగులు కిట్‌గా మార్చేయాలి. లైనరు లోపలికి దించేటప్పుడు కింది రబ్బరు రింగు మెలిపడినా తెగినా నీళ్ళు ఆయిల్లోకి దిగుతాయి. డిప్‌స్టిక్ మీద ఆయిలు మజ్జిగలా తెల్లబడితే ముందు చూడాల్సింది హెడ్ గ్యాస్కెట్, ఆ తర్వాత ఈ రింగే. లైనరు అంచు బ్లాకు మట్టానికి కాస్త పైకి తేలాలి, నాలుగూ ఒకే ఎత్తులో ఉండాలి. ఈ కొలత డయల్ గేజ్‌తో చూడకుండా హెడ్డు బిగిస్తే కొత్త గ్యాస్కెట్ కూడా ఎగిరిపోతుంది. పొగ విషయానికొస్తే, బీఎస్-4 కాలుష్య ప్రమాణానికి ముందు డీజిల్ బండికి పొగ పరీక్షలో పరిమితి 65 హార్‌ట్రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనానికి కొలత). నోజిళ్ళు, పంపు టైమింగ్ సరిగా ఉన్న పాత ఇంజిను ఆ పరిమితి లోపలే ఉంటుంది.

జీపు గేరు పెట్టెలో సుమారు లీటరు, దాని వెనక ట్రాన్స్‌ఫర్ కేస్‌లో (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) సుమారు లీటరున్నర ఆయిలు. రెండింటి మధ్య సీలు పోతే ఒకదాని ఆయిలు రెండోదాంట్లోకి చేరుతుంది; ఒకటి ఎండిపోయి, ఇంకోటి పొంగి కారుతుంది. కారుతున్న చోటే సీలు మార్చి ఊరుకుంటే జబ్బు అలాగే ఉంటుంది. జీఎల్-4 రకం 80 డబ్ల్యూ-90 గేరు ఆయిలు వాడాలి, జీఎల్-5 లోని రసాయనాలు పాత ఇత్తడి సింక్రో రింగులకు మంచివి కావు.

## 20 శాతం ఇథనాల్ తెచ్చిన కొత్త చిక్కు

బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. సీసం ఆపేసిన 2000 ఫిబ్రవరి కంటే ఈ మార్పే పాత పెట్రోలు ఇంజినుకు ఎక్కువ ఇబ్బంది. విల్లీస్ ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు ముందే ఉండటంతో సీసం లేకపోయినా నెట్టుకొచ్చింది. ఇథనాల్ మాత్రం పెట్రోలు పంపు డయాఫ్రంను, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. ట్యాంకులో ఏళ్ళుగా అంటుకున్న మడ్డిని కరిగించి ఫిల్టరులోకి, అక్కణ్ణుంచి కార్బురేటర్ జెట్‌లోకి తెస్తుంది. గాలిలోని తేమనూ లాగుతుంది. నెలల తరబడి నిలిపిన ట్యాంకులో నీళ్ళతో కలిసిన ఇథనాల్ అడుగుకు దిగి, రేకును లోపలి నుంచి తినడం మొదలుపెడుతుంది.

చేయాల్సిన పని కష్టమైనది కాదు. గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే ఫ్లోరో రబ్బరు రకానికి, డయాఫ్రం కిట్ కొత్త రకానికి మార్చాలి. ట్యాంకు దించి కడగాలి. ప్లగ్గు మొన తెల్లగా వస్తుంటే మిశ్రమం పలచబడిందని గుర్తు, అప్పుడు మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. నెల దాటి నిలిపేటట్టయితే ట్యాంకు, కార్బురేటర్ రెండూ ఖాళీ చేయడమే మేలు.

## బ్రేకులు, స్టీరింగ్

పాత జీపు బ్రేకుకు ఒకే లైను. నాలుగు చక్రాల్లో ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా పెడల్ నేలకు దిగిపోతుంది, నాలుగూ పోతాయి. హ్యాండ్‌బ్రేకు చక్రాల మీద కాక ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక డ్రమ్ము మీద పనిచేస్తుంది కాబట్టి ఆ ఒక్కటే మిగిలే ఆధారం. అక్కడ సీలు కారి డ్రమ్ము ఆయిల్లో తడిస్తే అదీ పోతుంది. ఇనుప పైపుల స్థానంలో రాగి-నికెల్ మిశ్రమం పైపులు వేస్తే ఉప్పుకు తట్టుకుంటాయి. బ్రేకు ఆయిలు తేమను పీలుస్తుంది కాబట్టి, తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకోసారి మార్చాలి.

50 కిలోమీటర్ల వేగం దగ్గర స్టీరింగ్ ఒళ్ళంతా ఊగితే చాలామంది చక్రాల బ్యాలెన్సింగ్‌కు పరిగెడతారు. ఆ పాత జీపుల్లో ముందు చూడాల్సింది మధ్యలోని బెల్‌క్రాంక్ (స్టీరింగ్ కదలికను చక్రాలకు అందించే మీట) పిన్ను, దాని బుషు. ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా కదపమని, కింద వేలు పెట్టి చూస్తే ఆట చేతికే తెలుస్తుంది. తర్వాత కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ చివరలు. ముందు చక్రాల టో-ఇన్ (ముందువైపు లోపలికి తిరిగి ఉండే కొలత) 1.2 నుంచి 2.4 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి.

## సామాను, సరఫరా, ముందు ముందు

విల్లీస్ తరం సామాను దేశంలో ఇప్పటికీ తయారవుతోంది, విదేశాలకూ ఎగుమతి అవుతోంది. ఢిల్లీ కశ్మీరీ గేట్, విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట ఈ ప్రాంతానికి ప్రధాన ఆధారాలు. మొదటి దానిలో కొత్తవి, చివరిదానిలో పాత బండ్ల నుంచి విప్పినవి. గ్యాస్కెట్లు, సీళ్ళు, బ్రేకు కప్పులు ఎప్పుడూ కొత్తవే కొనాలి. క్రౌన్ పినియన్, స్టీరింగ్ పెట్టె, గేర్ల విషయంలో మాత్రం అరగని పాత అసలు సామానే నాసిరకం కొత్తదాని కంటే మెరుగ్గా నిలుస్తుంది.

బండ్ల సరఫరా మాత్రం సన్నబడుతోంది. ఇరిగేషన్, విద్యుత్, రెవిన్యూ శాఖల జీపుల వేలాలే ఒకప్పుడు పాత బండి దొరికే పెద్ద దారి. 2023 నుంచి అవి తుక్కు కేంద్రాలకు పోతుండటంతో ఆ దారి మూసుకుపోయింది. సరైన ఆర్సీ ఉన్న బండ్ల ధర ఇందువల్ల ఇంకా పెరుగుతుంది. ఆర్సీ లేనివాటి విలువ సామాను విలువకు పడిపోతుంది. బీమాలోనూ ఇదే తేడా. ఐదేళ్ళు దాటిన బండి విలువను బీమా కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయిస్తారు. పని ఫొటోలు, బిల్లులు దాచుకున్నవారికే ఆ మాటలో బలం ఉంటుంది. మిగతావారికి మూడో పక్షం బీమా తప్ప చేతికి వచ్చేది స్వల్పం.

## పని అయ్యాక మొదటి ఏడాది

కొత్తగా కట్టిన పెట్రోలు ఇంజినుకు మొదటి 500 కిలోమీటర్లలోపు ఆయిలు మార్చి, హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి మళ్ళీ బిగించి, వాల్వు గ్యాప్ ఇంకోసారి చూడాలి. ఛాసిస్ లోపలి బోలులోకి, బాడీ సందుల్లోకి మైనం కలిపిన తుప్పు నిరోధకం కొట్టాలి. కాలిన ఇంజిను ఆయిలు పూయడం ఇక్కడ పాత అలవాటు. అది కొంత ఆపుతుంది గానీ కమాన్ బుషుల రబ్బరును ఉబ్బిస్తుంది, బ్రేకు గొట్టాలను పాడు చేస్తుంది, ఇసకను అంటించుకుని నీటి బెజ్జాలను మూసేస్తుంది.

తీరం వైపు వెళ్ళొచ్చిన ప్రతిసారీ అదే రోజు కింది భాగాన్ని మంచినీళ్ళతో కడగాలి. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు బండి కిందికి దూరి, ఛాసిస్ అడుగున, తలుపుల అంచున, తొట్టి మూలల్లో ఉన్న నీటి బెజ్జాలన్నిటినీ సన్నని కమ్మీతో పొడిచి తెరవాలి. కమ్మీ చివర తడి మట్టి వస్తే పర్వాలేదు, ఎర్రటి పొడి వస్తే ఆ భాగాన్ని ఆ నెలలోనే విప్పి చూడాలి.